గులాబీ రంగు నీళ్ల సీసా

ఏసీబీ వల పన్నిన మర్నాడు నల్లగొండ జిల్లా పేజీలో వచ్చే ఫొటో మనకు కొత్త కాదు. టేబుల్ మీద నోట్లు, పక్కన గులాబీ రంగు నీళ్ల సీసాలు, వెనకాల తలొంచుకున్న సర్వేయరో, ఆర్‌ఐయో. (పార్టీ రంగు కాదు లెండి. ఫినాఫ్తలిన్ అనే రసాయనం పూసిన నోట్లు ముట్టుకున్న వేళ్లు సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచితే వచ్చే రంగు.)

మొన్న కోర్టు ముందు టీ కొట్టులో ఆ ఫొటో చూస్తూ, భూమి కేసు వాయిదాకు దేవరకొండ వైపు నుంచి వచ్చిన పెద్దాయన అడిగాడు: "సారూ, ఢిల్లీల పెద్ద జడ్జి తప్పు చేస్తే ఎవలు పట్టుకుంటరు?" పక్కనున్న వకీలు నవ్వి ఊరుకున్నాడు.

ఇక్కడి జడ్జి సంగతైతే జవాబుంది. రాజ్యాంగం 235వ అధికరణం కింద హైకోర్టు అజమాయిషీ. ఫిర్యాదుకు ఆధారముంటే విచారణ, సస్పెన్షన్ దాకా పోతుంది. పైకి వెళ్లేకొద్దీ అడిగేవాళ్లు తగ్గిపోతారు. సుప్రీంకోర్టు జడ్జీలు 1997 మే 7న తమకు తామే 16 సూత్రాలు రాసుకున్నారు. కుటుంబం, దగ్గరి బంధువులు, స్నేహితులు తప్ప ఇంకెవరి దగ్గరా కానుకలు, ఆతిథ్యం తీసుకోకూడదన్నది అందులో ఒకటి. మంచిదే. కానీ ఆ స్నేహితుడు ఎవరన్నది తేల్చేదెవరు? అమెరికా సుప్రీంకోర్టూ 2023 నవంబరులో ఇలాంటి నియమావళే తెచ్చుకుంది, అమలు చేసేవాళ్లు లేకుండా.

క్రిమినల్ కేసు పెట్టాలన్నా, మద్రాసు హైకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి వీరాస్వామి కేసులో 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ముందు భారత ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించాలి. ఇక మిగిలింది అభిశంసన, అంటే పార్లమెంటు ఓటేసి జడ్జిని తొలగించడం. 1993లో సుప్రీంకోర్టు జడ్జి వి. రామస్వామిపై తీర్మానానికి లోక్‌సభలో 196 మంది అనుకూలంగా ఓటేశారు, వ్యతిరేకంగా ఒక్కరూ లేరు. అయినా కాంగ్రెస్ సభ్యులు ఓటింగ్‌కు దూరంగా ఉండటంతో కావాల్సినంత మెజారిటీ రాక తీర్మానం వీగిపోయింది. అంటే ఉన్నది రెండే: పదవి ఊడగొట్టడం, లేదా ఏమీ లేకపోవడం. మధ్యలో మందలింపు లేదు, జరిమానా లేదు. 1999 నాటి అంతర్గత విచారణ పద్ధతి ఉంది గానీ, మహా అయితే రాజీనామా చేయమని సలహా ఇస్తుంది, పని అప్పగించకుండా ఆపుతుంది, తొలగించమని రాష్ట్రపతికి, ప్రధానికి రాస్తుంది.

2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు జడ్జి బంగ్లాలో కాలిన నోట్ల గొడవ వచ్చాక సుప్రీంకోర్టు జడ్జీల ఆస్తుల వివరాలు మే 5న వెబ్‌సైట్‌లోకి ఎక్కాయి. అదీ వాళ్లంతట వాళ్లు చేసిన పనే. మన పంచాయతీ కార్యదర్శికి మాత్రం ఆస్తుల లెక్క చెప్పడం ఉద్యోగ నిబంధన.

పెద్ద జడ్జీలను విచారించే పని ప్రభుత్వానికి అప్పగిస్తే మాత్రం కొంప మునుగుతుంది. కోర్టుల్లో అందరికంటే పెద్ద కక్షిదారు అదే. స్టే రాలేదని కోపంతో ఫిర్యాదు రాసేవాళ్లూ ఉంటారు, అలాంటివి మొదటి వడపోతలోనే పోవాలి. తమ నియమావళి అమలును కింది కోర్టుల అనుభవజ్ఞులైన జడ్జీల కమిటీకి అప్పగించొచ్చని అమెరికా సుప్రీంకోర్టు జడ్జి ఎలీనా కేగన్ 2024 జులైలో అన్నారు. మన దగ్గర రిటైరైన న్యాయమూర్తులతో వేయొచ్చు, నివేదిక బయటపెట్టాలన్న షరతుతో. ఇంతకీ మనకు ఒక బిల్లు ఉండేది. న్యాయ ప్రమాణాలు, జవాబుదారీ బిల్లు 2012లో లోక్‌సభ దాటింది. రాజ్యసభ దాటకుండానే 2014లో మురిగిపోయింది.