వరద తగ్గాక తేలాల్సిన లెక్క

వరద నీళ్లు ఇళ్లలో ఉండగానే రెండు మాటలు వినిపిస్తాయి. ఇది రాజకీయాలు చేసే సమయం కాదని అధికారంలో ఉన్నవాళ్లు అంటారు. ఇది ప్రకృతి విపత్తు కాదు, ప్రభుత్వం తెచ్చిపెట్టిన విపత్తు అని ప్రతిపక్షం అంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో మూడేళ్ల తేడాతో ఈ రెండు మాటలూ పార్టీలు మారాయి.

2021 నవంబరు 19 తెల్లవారుజామున పింఛ, అన్నమయ్య ప్రాజెక్టుల మట్టికట్టలు తెగి చెయ్యేరు నది ఊళ్ల మీద పడింది. రాజంపేట మండలంలో పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట తుడిచిపెట్టుకుపోయాయి. ముప్పై మందికి పైగా చనిపోయారు, గల్లంతయ్యారు. ప్రాజెక్టు తట్టుకోగలిగిన దానికంటే ఎక్కువ వరద వచ్చిందని అప్పటి వైఎస్‌ఆర్‌సీపీ ప్రభుత్వం చెప్పింది. నిర్లక్ష్యమే చంపిందని, న్యాయవిచారణ జరపాలని తెలుగుదేశం పట్టుబట్టింది. అయిదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదని కేంద్ర జలశక్తి మంత్రి ఆ డిసెంబరులో రాజ్యసభలోనే చెప్పారు. అంతకు ముందు ఏడాది నివర్ తుపాను వరదకు ఆ గేటు దెబ్బతింది. ఏడాదిలో బాగు చేయించలేకపోవడం ప్రకృతి తప్పు కాదు. 2024 ఎన్నికల నాటికి కూడా ఆ ఆనకట్టను తిరిగి కట్టలేదు.

ఇక బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే ఈ వాగును బెజవాడ దుఃఖదాయిని అంటారు. వెలగలేరు దగ్గర గేట్లతో నీటిని అదుపు చేసే రెగ్యులేటర్ కట్టి, డైవర్షన్ చానల్ తవ్వి, దాని నీటిని ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలోకి మళ్లించారు. 2024 ఆగస్టు 31 నుంచి కురిసిన వానకు ఆ చానల్ ఎడమ కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. విజయవాడలో సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగిపోయాయి. లక్షల మంది తాగునీళ్లు, కరెంటు లేక రోజుల తరబడి మేడల మీద గడిపారు. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. బ్యారేజీ చరిత్రలో అంత వరద లేదు. కృష్ణ నిండుగా పారుతుంటే డైవర్షన్ చానల్ నీళ్లు నదిలోకి దిగవు, వెనక్కి తన్నుతాయి. రెండూ ఒకేసారి పొంగితే ఏం చేయాలన్న ప్రశ్న ఇంజినీర్లకు కొత్తది కాదు. 2005లోనూ బుడమేరు ఈ నగరాన్ని ముంచింది.

అప్పుడు నాయకులు ఏం మాట్లాడారు? గత ప్రభుత్వం అయిదేళ్లు కట్టలను గాలికి వదిలేసిందని తెలుగుదేశం అంది. ఉండవల్లిలోని ముఖ్యమంత్రి నివాసం మునగకుండా వెలగలేరు గేట్లు ఎత్తి, జనానికి ముందుగా చెప్పకుండా నగరాన్ని ముంచారని వైఎస్‌ఆర్‌సీపీ అంది. ఆపైన బ్యారేజీ గేట్లను ఢీకొన్న పడవలు ఏ పార్టీవాళ్లవి అన్న గొడవతో మరికొన్ని రోజులు గడిచాయి. బ్యారేజీ భద్రత దృష్ట్యా ఆ పడవల మీద దర్యాప్తు అవసరమే. కానీ సింగ్ నగర్ మునిగింది బుడమేరు గండ్ల వల్ల. కృష్ణలో కొట్టుకొచ్చిన పడవలకూ ఆ ముంపుకూ సంబంధం లేదు. పీకల్లోతు నీళ్లలో ఉన్న మనిషికి ఆ గొడవ ఎందుకు?

విపత్తు తర్వాత ఎవరినీ తప్పుపట్టకూడదన్న వాదనతో మేము ఏకీభవించం. వాన ఎవరి చేతిలోనూ లేదు. గేటు, కట్ట, కాలువ పూడిక, హెచ్చరిక మాత్రం జీతం తీసుకునే మనుషుల చేతిలో, వాళ్లకు నిధులూ సిబ్బందినీ ఇవ్వాల్సిన మంత్రుల చేతిలో ఉన్నాయి. అక్కడ తప్పు జరిగితే అడగాలి, గట్టిగా అడగాలి. మా అభ్యంతరం అడిగే తీరు మీదే. జవాబు తేలే ప్రశ్నలను రెండు పక్షాలూ వదిలేస్తున్నాయి. రెగ్యులేటర్ గేట్లు ఏ గంటకు, ఎవరి ఆదేశంతో ఎత్తారు? ఆ సమాచారం కలెక్టరేట్‌కు, కార్పొరేషన్‌కు ఎన్నింటికి చేరింది? కట్టను చివరిసారి ఎవరు తనిఖీ చేశారు, ఏ బలహీనత రాశారు, ఆ కాగితం ఎవరి బల్ల మీద ఆగింది? నిబంధనల ప్రకారం పని జరిగి ఉంటే వీటికి జవాబులు నీటిమట్టం రాసే గేజ్ రిజిస్టర్లలో, ఫోన్ రికార్డుల్లో, బిల్లుల్లో ఉండాలి. ఆ రికార్డులే లేకపోతే, అది కూడా బయటపెట్టాల్సిన సంగతే. ప్రెస్‌మీట్‌లో ఎవరు గట్టిగా అరిచారన్న దాన్ని బట్టి ఇవి తేలవు.

ఆక్రమణల సంగతీ అంతే. బుడమేరు దారిలో ఇళ్లు ఒక్క ప్రభుత్వ కాలంలో లేవలేదు. ఏ పార్టీ ఉన్నా ప్లాట్లు రిజిస్టరయ్యాయి, కరెంటు మీటర్లు వచ్చాయి, ఇంటి పన్ను వసూలైంది. వరద వచ్చాక మాత్రం అప్పు చేసి అరవై గజాలు కొనుక్కున్నవాడికి ఆక్రమణదారు అన్న పేరు పడుతుంది. లేఅవుట్ వేసినవాడి పేరు, దానికి సంతకం పెట్టిన అధికారి పేరు ఎవరూ ఎత్తరు. ఇది మాకు బాధ కలిగించే విషయం.

పొరుగున తెలంగాణలోనూ ఇదే తీరు. ఖమ్మంలో మున్నేరు పొంగినదీ 2024లో ఆ రోజుల్లోనే. అక్కడ పరామర్శకు వెళ్లిన ప్రతిపక్ష బీఆర్‌ఎస్ నేతల వాహనాల మీద రాళ్లు పడ్డాయి.

నింద సక్రమంగా పడితే ఏమవుతుందో ఒడిశా చూసింది. 1999 అక్టోబరు సూపర్ సైక్లోన్ దాదాపు పదివేల ప్రాణాలు తీసింది. కొన్ని వారాలకే ముఖ్యమంత్రి గిరిధర్ గమాంగ్ పదవి వదులుకోవాల్సి వచ్చింది. అదే సమయంలో విపత్తుల కోసమే ప్రత్యేక సంస్థ పుట్టింది, తర్వాతి ఏళ్లలో తీరం పొడవునా షెల్టర్లు లేచాయి. 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు. మృతులు పదుల్లోనే ఉన్నారు. కేరళలో 2018 వరదల మీద వాదన ఇంకా తెగలేదు. అసాధారణ వర్షమే కారణమని, డ్యాములు కావని కేంద్ర జల సంఘం నివేదిక ఇచ్చింది. డ్యాముల నిర్వహణలో లోపం ఉందని, విచారణ జరగాలని హైకోర్టు తనకు సాయపడేందుకు నియమించిన న్యాయవాది (అమికస్ క్యూరీ) 2019లో చెప్పారు. రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఒప్పుకోలేదు. అయినా అక్కడ జనం చేతిలో రెండు కాగితాలున్నాయి. ఏ డ్యాములో ఏ రోజు ఎంత నీరుందో చూసి మాట్లాడుకోగలుగుతున్నారు.

మన చట్టం ఏం చెబుతోంది? విపత్తు నిర్వహణ చట్టం, 2005 ప్రకారం విధి వదిలేసిన అధికారికి ఏడాది వరకు జైలు పడవచ్చు. కానీ అతని మీద కేసు నడపాలంటే ప్రభుత్వం అనుమతించాలి. ఆరోపణ ప్రభుత్వం మీదే ఉన్నప్పుడు ఆ అనుమతి ఎలా వస్తుంది? పైగా గేటు బాగు చేయడానికి డబ్బు ఇవ్వని మంత్రికి ఆ సెక్షన్ ఎక్కడ వర్తిస్తుంది? విచారణ కమిషన్ల చట్టం కింద నివేదిక వచ్చిన ఆరు నెలల్లో తీసుకున్న చర్యలతో సహా సభ ముందు పెట్టాలి. సభ తీర్మానం చేస్తే తప్ప, అసలు కమిషన్ వేయాలా వద్దా అన్నది మాత్రం ప్రభుత్వం ఇష్టం.

ఆ ఇష్టాన్ని తీసేయాలి. వరదలో పది మందికి మించి చనిపోయినా, కట్ట తెగి ఊరు మునిగినా విచారణ దానంతటదే మొదలవ్వాలి. దానికి హైకోర్టు సూచించిన న్యాయమూర్తి, వేరే రాష్ట్రపు జలవనరుల ఇంజినీరు ఉండాలి. గేట్ల రిజిస్టర్లు, హెచ్చరికల సమయాలు 30 రోజుల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలి, పూర్తి నివేదిక ఆరు నెలల్లో రావాలి. అధికారి మీద కేసుకు అనుమతి ఇచ్చే అధికారం ఆరోపణ ఎదుర్కొంటున్న ప్రభుత్వం చేతిలో ఉండకుండా పార్లమెంటు చట్టాన్ని సవరించాలి. గేట్లు, కాలువలు చూసుకునే లస్కర్లు లేని లాకులు, గ్రీజు లేని గేట్లు ఎన్ని ఉన్నాయో ఏటా మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల జలవనరుల శాఖలూ జాబితా విడుదల చేయాలి. మొదటి విచారణ 2021, 2024 రెండింటి మీదా కలిపి జరగాలి. అప్పుడు ఏ పార్టీకీ తప్పించుకునే వీలుండదు, కక్షసాధింపు అనే అవకాశమూ ఉండదు. అన్నమయ్య మీద న్యాయవిచారణ అడిగిన పార్టీ, బుడమేరు మీద ప్రభుత్వాన్ని నిలదీసిన పార్టీ శాసనసభలో దీనికి ఓటు వేయాలని మేము అడుగుతున్నాం.