షేక్ అంటే అరబ్బు రాజు కాదు, ఆ మెసేజ్ ఇక ఆపండి

నిన్న రాత్రి మా పదో తరగతి బ్యాచ్ గ్రూపులో అది మళ్లీ వచ్చింది. ఈ నెలలో ఇది నాలుగోసారి. "షేక్ అనే ఇంటిపేరు వెనక రహస్యం" అని మొదలై, పది మందికి పంపండి అని ముగిసే పొడుగాటి మెసేజ్. పంపుతున్నవాళ్లంతా నాకు బాగా కావలసినవాళ్లే. నా ఇంటిపేరు షేక్ అని వాళ్లందరికీ తెలుసు, హాజరు పట్టీలో నా పేరుకు ముందు "ఎస్.కె." అని పిలవడం అయిదేళ్లు విన్నవాళ్లే. అయినా ఒక్కరికి కూడా ఇది నిజమేనా అని నన్ను అడగాలనిపించలేదు. అందుకే అడక్కపోయినా చెబుతున్నా.

అందులో ఏముందంటే: షేక్ అంటే అరబ్బీలో రాజు. ఆ మాట అసలు సంస్కృతంలోని "శిఖ" నుంచి వచ్చింది. అది ముస్లింలకు తప్ప ఎవరికీ ఉండదు. ఆ ఇంటిపేరున్న వాళ్లందరిదీ ఒకే కుటుంబం, అయినా వాళ్లలో వాళ్లే పెళ్లిళ్లు చేసుకుంటారు. చివరగా, వాళ్లంతా అరబ్ దేశం నుంచి వచ్చినవాళ్ల వారసులు, పరాయివాళ్లు, అలాంటివాళ్లకు మన ప్రభుత్వం రిజర్వేషన్ ఇస్తోంది.

రాజు సంగతి ముందు. అరబ్బీలో షైఖ్ అంటే ముసలాయన. ఖురాన్‌లో ఈ మాట నాలుగు చోట్ల వస్తుంది, నాలుగు చోట్లా ముసలితనమే అర్థం. నీకు బిడ్డ పుడతాడని దూతలు చెబితే ఇబ్రాహీం భార్య నమ్మలేక, నా భర్త ముసలివాడు కదా అంటుంది, అక్కడున్నది ఈ మాటే. మనం "పెద్దాయన" అంటే వయసులో పెద్ద కావచ్చు, ఊరికి పెద్ద కావచ్చు, అలాగే ఇది కూడా తెగ పెద్దకు, చదువు చెప్పే గురువుకు, సూఫీ పీరుకు పాకింది. వైద్యంలో అంత పేరున్న ఇబ్న్ సీనాను కూడా షైఖ్ అనే పిలిచేవారు. కువైట్, ఖతర్, ఎమిరేట్స్ పాలకులు పేరుకు ముందు షేక్ అని పెట్టుకునే మాట నిజమే, మన వాళ్లు గల్ఫ్ వెళ్లి వచ్చి అదే చెబుతారు. కానీ పక్కనే సౌదీలో రాజకుటుంబం వాళ్లను అమీర్ అంటారు, అక్కడ షేక్ పేరుతో ఉన్న పెద్ద కుటుంబం మత పండితులది.

శిఖ గురించి నేను టైపు చేయను. రెండు మాటలు ఒకేలా వినిపించినంత మాత్రాన చుట్టాలైపోవు.

ముస్లింలకే ఉంటుంది అన్నదీ అబద్ధమే. లెబనాన్‌లో గెమాయెల్, ఖాజెన్ లాంటి మారొనైట్ క్రైస్తవ కుటుంబాలకు తరాలుగా షేక్ బిరుదు ఉంది. 1982లో ఆ దేశానికి అధ్యక్షుడిగా ఎన్నికై పదవి చేపట్టకముందే హత్యకు గురైన బషీర్ గెమాయెల్‌ను జనం షేక్ బషీర్ అనేవారు. అంత దూరం ఎందుకు, మనకు ఉపరాష్ట్రపతిగా చేసిన భైరోన్ సింగ్ షెకావత్ ఇంటిపేరు సంగతి చూడండి. పదిహేనో శతాబ్దంలో రావ్ షేఖా అనే రాజపుత్ర వీరుడి సంతతి షెకావత్‌లు. షేక్ బుర్హాన్ అనే ఫకీరు దీవెనతో పుట్టాడు కాబట్టి ఆయనకు ఆ పేరు పెట్టారని వాళ్ల వంశంలోనే చెప్పుకుంటారు.

ఇక ఒకే కుటుంబం, ఒకే ఇంటిపేరు వాళ్లకు పెళ్లిళ్లు అన్న మాట. ఇది చదివి మావాడొకడు ముక్కు మీద వేలేసుకున్న బొమ్మ పెట్టాడు. మీకు ఇంటిపేరు అంటే ఒక ఇల్లు, ఒక గోత్రం, అన్నదమ్ముల వరస. మాకు షేక్ అలాంటిది కాదు. అది ఒక గౌరవవాచకం, తర్వాత ఒక సమూహం పేరు అయింది. బడిలో చేర్చేటప్పుడు ఫారంలో "ఇంటిపేరు" అనే గడి ఉంటుంది, దాన్ని ఖాళీగా వదలనివ్వరు, కాబట్టి షేక్ అని రాస్తారు. గుంటూరులో ఒక షేక్‌కూ నెల్లూరులో ఒక షేక్‌కూ చుట్టరికం ఉందనుకోవడం, ఊళ్లో ఉన్న "గారు"లందరూ ఒకే కుటుంబం అనుకోవడంతో సమానం.

అసలు కోపం చివరి మాట మీద. మిగతావి తెలియక రాశారని వదిలేస్తా, ఇది మాత్రం మనుషుల్ని ఊళ్లోంచి వెళ్లగొట్టడానికి రాసిన మాట.

మనకున్న షేకుల పేర్లు ఒకసారి పైకి చదవండి. షేక్ నాగూర్, షేక్ మస్తాన్, షేక్ మీరావలి. నాగూర్ అరేబియాలో లేదు, తమిళనాడులో ఉంది. మస్తాన్ పేరు మన కసుమూరు దర్గాది, ఆ పేరే మస్తాన్‌రావు, మస్తానయ్య అని హిందువుల ఇళ్లలోనూ ఉంది. బుర్రకథకు మరో పేరులా నిలిచిన షేక్ నాజర్ గారు 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టారు, 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఆత్మకథ పేరు "పింజారి". పింజారి అంటే దూదేకేవాడు. ఆయన ఏ అరబ్బు తెగ నుంచి వచ్చారో ఈ మెసేజ్ రాసినాయన చెప్పాలి. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, గుడిలో రంగనాథుడి ముందు నాదస్వరం వాయించిన షేక్ చిన మౌలానా గారు పరాయివారా? ఆయన వాయించింది త్యాగరాజ కృతులు.

నిజమైన అరబ్బు సంతతి మన దగ్గర లేదని కాదు, ఉంది. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన వాళ్ల వారసులు హైదరాబాద్ బార్కస్‌లో ఉన్నారు. బ్యారక్స్ అన్న మాటే అలా బార్కస్ అయింది. వాళ్లను చావూష్‌లంటారు, పేర్లలో "బిన్" అనో "బా" అనో కనిపిస్తుంది.

ఇప్పుడు రిజర్వేషన్. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టం వెనుకబడిన ముస్లిం సమూహాలకు బీసీ-ఇ కింద 4 శాతం ఇచ్చింది. ఆ జాబితాలో షేక్ ఉంది. అదే చట్టంలో ఎవరికి వర్తించదో కూడా పేర్లు పెట్టి రాశారు: సయ్యద్, మొఘల్, పఠాన్, ఇరానీ, ఇంకా అరబ్. అవును, "అరబ్" అని రాసి మరీ పక్కన పెట్టారు. అరబ్బులకు రిజర్వేషన్ ఇస్తున్నారు అని ప్రచారం చేసే ముందు ఆ ఒక్క పేజీ చదవడానికి అయిదు నిమిషాలు పట్టేది. ఆ కోటా ఉండాలా వద్దా అని మీరు వాదించండి, 2010లో హైకోర్టు కొట్టేసింది, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో కొనసాగుతోంది, వాదించడానికి చాలా ఉంది. కానీ అబద్ధం మీద నిలబడి వాదించకండి.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, రాయడానికి నాకు కష్టంగానే ఉంది. ఈ అరబ్బు కథను పుట్టించింది మీరు కాదు, మేమే. మతం మారిన వాళ్లు షేక్ అని చెప్పుకోవడం దేశమంతా జరిగింది. కాశ్మీర్ నేత షేక్ అబ్దుల్లా తన ముత్తాతల్లో ఒకరు కౌల్ వంశపు పండితుడని స్వయంగా రాసుకున్నారు. "మొదటి ఏడు కసాయిలం, మరుసటేడు షేకులం, ఈ ఏడు ధరలు కలిసొస్తే సయ్యదులం" అని ఉత్తరాదిన ముస్లింల మధ్యే ఒక సామెత ఉంది. మా నాయనమ్మ కూడా చిన్నప్పుడు మాకు, మన పెద్దలు ఓడెక్కి మక్కా నుంచి వచ్చారని చెప్పేది. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం, మా తాత దూదేకేవాడు, నా సర్టిఫికెట్‌లో దూదేకుల, బీసీ-బి అని ఉంటుంది. అయినా ఆమె అలాగే చెప్పేది. "సాయిబూ, దూది తెచ్చావా" అని వీధిలో ఏకవచనంతో పిలిపించుకున్న మనిషికి భార్య ఆమె, పిల్లలకు అంతకంటే పెద్ద కథ ఇవ్వాలనుకుంది. నేను ఆమెను తప్పుపట్టలేను. కానీ ఆమె ఏ అవమానం నుంచి మమ్మల్ని దాచడానికి ఆ కథ చెప్పిందో, ఇప్పుడు అదే కథ పట్టుకుని మమ్మల్ని పరాయివాళ్లంటుంటే ఊరుకోలేను.

నిన్న రాత్రి మెసేజ్ పెట్టినవాడికి విడిగా ఒక మాట. ఒరేయ్, మీ పెద్దక్క పెళ్లికి కుట్టించిన రెండు పరుపుల్లో దూది ఏకింది మా తాతే. మీ ఇంటి అరుగు మీద మూడు రోజులు కూర్చుని ఏకాడు, నేను పక్కనే ఉన్నాను, మీ అమ్మ మా ఇద్దరికీ మజ్జిగన్నం పెట్టింది. ఆయన పేరు షేక్ మస్తాన్. ఆమెకు ఫోన్ చేసి, అరబ్ దేశం నుంచి వచ్చాడా అని అడుగు.