డిశ్చార్జ్ కాగితం ఇచ్చిన తర్వాత

నెలన్నర ఐసీయూలో ఉన్న పిల్లాడిని ఇంటికి తీసుకెళ్లే రోజు పండగలా ఉండాలి. చాలా ఇళ్లలో అలా ఉండదు. సిస్టర్ మంచం పక్కన నిలబడి ముక్కు పైపులోంచి పాలు ఎలా పోయాలో ఒకసారి చూపిస్తుంది. గొంతులో పేరుకున్న కఫాన్ని సక్షన్ మెషీన్‌తో ఎలా తీయాలో ఇంకోసారి చూపిస్తుంది. ‘చూశారు కదమ్మా, ఇంట్లో కూడా ఇలాగే చేయండి’ అంటుంది. ఆమెను తప్పుపట్టడానికి లేదు, ఆ వార్డులో ఇంకెందరో పిల్లలు ఆమె కోసం ఎదురుచూస్తుంటారు. చేతిలో డిశ్చార్జ్ కాగితం, సంచిలో మందులు, ఒళ్లో పిల్లాడు. ఆ గేటు దాటగానే నర్సు పని మొత్తం ఆ తల్లి మీద పడుతుంది. ఆమెకు జీతం లేదు, డ్యూటీ దిగే వేళ లేదు, పక్కన అడగడానికి డాక్టర్ లేడు.

‘పుట్టగానే ఏడవలేదు’ అని ఆ తల్లులు చెబుతుంటారు. కాన్పు సమయంలో ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతిన్న బిడ్డల కథ ఆ రెండు మాటలతోనే మొదలవుతుంది. నెలలు నిండకుండా పుట్టి ఊపిరితిత్తులు గట్టిపడనివారు, మెదడువాపు జ్వరం నుంచి బయటపడ్డా మింగడం మరిచిపోయినవారు, పుట్టుకతోనే గుండెలో లోపం ఉన్నవారు, కండరాల జబ్బుతో మెడ నిలపలేనివారు కూడా ఉన్నారు. ఒకప్పుడు ఇలాంటి పిల్లల్లో చాలామంది దక్కేవారు కాదు. జిల్లా ఆస్పత్రుల్లో నవజాత శిశువుల ప్రత్యేక వార్డులు వచ్చాయి, వెంటిలేటర్లు వచ్చాయి, నిలోఫర్ లాంటి పెద్దాస్పత్రుల్లో డాక్టర్లు పగలూ రాత్రీ కష్టపడుతున్నారు. పిల్లలు బతుకుతున్నారు. ఇది మన వైద్యం సాధించిన విజయమే, అందులో సందేహం లేదు. కానీ ఆ విజయం భారాన్ని ఇంటికి పంపించేసి, ఆ ఇంటి వైపు మళ్లీ చూడకపోవడం న్యాయం కాదని మేము అనుకుంటున్నాం.

అలాంటి ఇంట్లో ఒక రాత్రి ఎలా గడుస్తుందో చూద్దాం. గోడ మీద రోజూ చింపే తెలుగు క్యాలెండర్ ఉంటుంది. తిథి, వర్జ్యం కింద ఎర్ర పెన్నుతో చిన్న చిన్న గీతలుంటాయి. ఆ రోజు పిల్లకు ఎన్నిసార్లు ఫిట్స్ వచ్చాయో ఆ గీతలు చెబుతాయి. డాక్టర్ అడిగితే చూపించడానికి ఆ కాగితాలను చింపి పారేయకుండా రబ్బరు బ్యాండు వేసి దాస్తారు. రాత్రి రెండింటికి అలారం మోగుతుంది. తల్లి లేచి చేతులు కడుక్కుంటుంది. ముక్కు దగ్గర పైపు మీద వేసిన గుర్తు జరగలేదని చూస్తుంది. సిరంజితో కొద్దిగా వెనక్కి లాగి, కడుపులోని ద్రవం వస్తోందా లేదా అని చూసుకుంటుంది. పైపు జారి ఉంటే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, పిల్ల ప్రాణం మీదికి వస్తుంది. అన్నీ సరిగా ఉన్నాయనుకున్నాకే వడకట్టిన రాగిజావ సిరంజిలో పోసి ఎత్తి పట్టుకుంటుంది. అది దానంతట అదే నెమ్మదిగా దిగాలి, తొందరపడి నెట్టకూడదు. అయ్యాక గోరువెచ్చని నీళ్లతో పైపు కడగాలి. ఆ తర్వాత అరగంట పాటు పిల్లను భుజం మీద ఎత్తుగా పట్టుకుని కూర్చోవాలి, లేదంటే వాంతి అయ్యి శ్వాసలోకి పోవచ్చు. ఆ అరగంటలో ఆమెకు కునుకు పడితే తప్పెవరిది? మళ్లీ ఐదింటికి ఇంకో అలారం. ఇదంతా కరెంటు ఉన్నప్పటి మాట. వానాకాలంలో గాలివీస్తే కరెంటు పోయే ఊళ్లో సక్షన్ మెషీన్, ఆక్సిజన్ యంత్రం మీద ఆధారపడిన బిడ్డ ఉంటే ఆ ఇంట్లో టెన్షన్ ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఇన్వర్టర్ కొనడానికి తల్లి మెడలోని గొలుసు తాకట్టు పెట్టడం మన ఊళ్లలో కొత్త విషయమేమీ కాదు.

ఇక డబ్బు సంగతి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షల రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా ఉన్న పథకంలో 25 లక్షల దాకా ఉంది. అంకెలు పెద్దవే. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైనప్పటి నుంచి ఈ పథకం లక్షల కుటుంబాలను అప్పుల నుంచి కాపాడింది, ఆ మాట చెప్పుకోవాల్సిందే. అయితే దాని కొలబద్ద ఆస్పత్రి మంచం. ఆపరేషన్‌కు, ఐసీయూకు చెల్లిస్తుంది. కొన్ని జబ్బులకు తర్వాతి చెకప్‌లు, మందులు కూడా ఇస్తుంది. మరి ఇంట్లో నెలనెలా కావాల్సిన ముక్కు పైపులు, సిరంజిలు, సక్షన్ క్యాథెటర్లు, డైపర్లు? వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీకి వెళ్లే ఆటో ఛార్జీలు? వీటిలో ఏదీ ఒక్కటిగా చూస్తే పెద్ద ఖర్చు కాదు. ఏడాది పొడవునా, ఏళ్ల తరబడి చూస్తే ఆ చిల్లర ఖర్చులే ఇల్లు గుల్ల చేస్తాయి. ఆపరేషన్ ఖర్చు కనబడుతుంది, దాతలు వస్తారు, పేపర్లో ఫొటో పడుతుంది. నెలకు ముప్పై డైపర్ల కోసం ఎవరి ముందు చేయి చాపాలి? ఈ మధ్య వచ్చిన చిన్న ఊరట అంటే, 2025 సెప్టెంబర్ 22 నుంచి డైపర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. అంతే.

కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ బీమా కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు వస్తుంది. అందులో ఓపీ, థెరపీ ఖర్చులు కూడా ఉన్నాయి. మంచి పథకం. కానీ అది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికే. వికలాంగుల హక్కుల చట్టం 2016లో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. తలసీమియా, హీమోఫిలియా, సికిల్ సెల్ వాటిలో చేరడం పెద్ద ముందడుగు. అయినా ఊపిరితిత్తులు పాడై ఆక్సిజన్ మీద బతికే పసివాడు ఆ 21లో ఎక్కడా కనబడడు. పేగు తీసేయడంతో పైపు ద్వారానే ఆహారం తీసుకునే పాప కూడా కనబడదు. వాళ్లకు కాళ్లూ చేతులూ ఆడుతుంటాయి. ‘పిల్ల బాగానే ఉంది కదా’ అంటారు. సర్టిఫికెట్ రాదు, సర్టిఫికెట్ లేనిదే పింఛను లేదు. రాత్రి అలారం మాత్రం వాళ్లింట్లోనూ మోగుతూనే ఉంటుంది.

సర్టిఫికెట్ వచ్చే పిల్లలకైనా దారి సాఫీగా లేదు. వైకల్యాన్ని నిర్ధారించే సదరం పరీక్షకు స్లాట్ దొరకాలి, దొరికిన రోజు పిల్లకు ఒంట్లో బాగుండాలి, మండలం నుంచి జిల్లా ఆస్పత్రికి పైపుతో సహా తీసుకెళ్లి క్యూలో కూర్చోవాలి. చిన్నపిల్లలకు చాలాసార్లు తాత్కాలిక సర్టిఫికెట్టే ఇస్తారు, గడువు తీరితే మళ్లీ మొదటికి. మంచం దిగలేని బిడ్డను ఆస్పత్రికి రమ్మనే బదులు వైద్య బృందమే ఆ ఇంటికి వెళ్లడం అసాధ్యమేమీ కాదు. ఎన్నికల సంఘం కదలలేని ఓటరు ఇంటికి వెళ్లి ఓటు వేయించుకుని వస్తోంది.

పింఛను విషయంలో ఆంధ్రప్రదేశ్ ఒక మంచి పని చేసింది. 2024 జులై నుంచి పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి నెలకు 15 వేల రూపాయలు ఇస్తోంది. మిగతా వికలాంగులకు 6 వేలు. తెలంగాణలో 2023లో పెంచిన తర్వాత వికలాంగుల పింఛను 4,016 రూపాయలు. అక్కడ కూడా తీవ్రతను బట్టి వేరే మొత్తం ఉండాలని మేము కోరుతున్నాం. అసలు 2016 వికలాంగుల హక్కుల చట్టంలోనే, 24వ సెక్షన్‌లో, ఎక్కువ సాయం అవసరమైన వికలాంగులకు సంరక్షకుల భత్యం గురించి రాసి ఉంది. చట్టం వచ్చి ఇన్నేళ్లయినా ఆ వాక్యాన్ని పట్టించుకున్న రాష్ట్రాలు తక్కువ. కేరళ ఆశ్వాసకిరణం పేరుతో మంచం పట్టినవారిని చూసుకునేవారికి నెలకు 600 రూపాయలు ఇస్తోంది. మొత్తం చిన్నదే. కానీ ఆ డబ్బు రోగి పేరున కాకుండా చూసుకునే మనిషి పేరున వెళ్తుంది. ఆమె చేసేది పనే అని ఒక ప్రభుత్వం ఒప్పుకున్నట్టు.

ఆ పని కోసం ఆమె ఎన్ని వదులుకుందో లెక్క లేదు. బీఈడీ చదివినామె, కుట్టు మిషన్ మీద ఇల్లు గడిపినామె, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినామె, అందరూ ఒకేలా ఇంట్లో కూర్చుంటున్నారు. హిమాచల్‌ప్రదేశ్‌లో ఒక ప్రభుత్వ కళాశాల అధ్యాపకురాలు ఎముకలు పెళుసుబారే జన్యువ్యాధి ఉన్న కొడుకును చూసుకోవడానికి సెలవు అడిగితే రాష్ట్రం ఇవ్వలేదు. ఆమె సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఉద్యోగాల్లో మహిళల భాగస్వామ్యం ఎవరో దయతలచి ఇచ్చేది కాదని, రాజ్యాంగం ఇచ్చిన హక్కు అని 2024 ఏప్రిల్‌లో కోర్టు చెప్పింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకు పిల్లల సంరక్షణ సెలవు 730 రోజులు ఉంది. మరి బట్టల షాపులో నిలబడి పనిచేసే తల్లికి? ఉపాధి హామీ పనికి వెళ్లే తల్లికి?

ఇంకో బాధ గురించి కూడా చెప్పాలి. దానికి ఏ జీవోతోనూ మందు లేదు. ‘ఏ జన్మలో చేసిన పాపమో’ అని ఇంటికొచ్చిన బంధువు అంటుంది. ‘మేనరికం వద్దని అప్పుడే చెప్పా’ అని అత్తగారు కోడలి వంక చూస్తుంది, ఆ పెళ్లి తనే దగ్గరుండి చేయించిన సంగతి మరిచిపోయి. మేనరికంలో వచ్చే జన్యువ్యాధుల్లో ఎక్కువ శాతం తల్లి నుంచి ఒక లోపం, తండ్రి నుంచి ఒక లోపం కలిస్తేనే బిడ్డకు వస్తాయి. నింద మాత్రం తల్లి ఒక్కతే మోస్తుంది. తర్వాతి కాన్పు గురించి భయం ఉంటే జన్యు సలహా తీసుకోవచ్చు, హైదరాబాద్‌లో నిమ్స్‌ను 2021 అరుదైన వ్యాధుల విధానం కింద ప్రత్యేక కేంద్రంగా గుర్తించారు. పిల్లకు ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవి పెట్టమని గుమిగూడేవాళ్లు, ఆ సమయంలో పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో ఏమీ పెట్టకూడదని, ఐదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి పరుగెత్తాలని తెలుసుకుంటే ఆ తల్లికి అంతకన్నా సాయం లేదు. ఆ ఇంట్లో రెండో పిల్లాడు కూడా ఉంటాడు. స్కూల్లో తనకొచ్చిన బహుమతి చూపించడానికి అమ్మ చేతులు ఖాళీ అయ్యేదాకా గుమ్మం దగ్గర నిలబడతాడు. వాడి గురించి ఎవరూ అడగరు.

ఇంట్లో వైద్యానికి ప్రభుత్వం డబ్బివ్వడం సాధ్యమేనా అనేవారికి అమెరికాలో జరిగిన ఒక సంగతి గుర్తుచేయాలి. అయోవా రాష్ట్రంలో కేటీ బెకెట్ అనే పాపకు ఐదు నెలల వయసులో మెదడువాపు వచ్చింది. శ్వాసకు వెంటిలేటర్ కావాల్సి వచ్చింది. ఆస్పత్రిలో ఉంటే ప్రభుత్వం ఖర్చు భరిస్తుంది, ఇంటికి తీసుకెళితే భరించదు. అందుకే ఆ పాప మూడేళ్లు దాటేదాకా ఆస్పత్రిలోనే పెరిగింది. ఇంట్లో అయ్యే ఖర్చు ఆస్పత్రి ఖర్చులో ఆరో వంతే అని 1981 నవంబర్‌లో అధ్యక్షుడు రీగన్ విలేకరుల ముందు చెప్పారు. పాప ఇంటికెళ్లింది, ఆ మరుసటి ఏడాదే చట్టం మారింది. ఆ దేశం మనకన్నా ధనికమే, కాదనం. కానీ అక్కడ దారి తెరిచింది జాలి ఒక్కటే కాదు, లెక్క కూడా. న్యుమోనియాతో మళ్లీ మళ్లీ ఐసీయూకి వచ్చే బిడ్డకు ఆరోగ్యశ్రీ ప్రతిసారీ కట్టే డబ్బెంత, ఆ న్యుమోనియా రాకుండా ఇంట్లో కావాల్సిన సామగ్రికి అయ్యేదెంత అని మన ఆరోగ్య శాఖలు కూడా ఒకసారి లెక్క వేయాలి.

దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు. ఆశా కార్యకర్త ఇప్పటికే బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా విడతలవారీగా ఇంటికి వెళ్తోంది. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, వాటికి ఫిజియోథెరపిస్టులు వస్తుంటారు. తెలంగాణలో పల్లె దవాఖానాలు, ఆంధ్రప్రదేశ్‌లో విలేజ్ హెల్త్ క్లినిక్‌లు ఉన్నాయి. అక్కడున్న నర్సుకు ముక్కు పైపు మార్చడం, సక్షన్ చేయడం నేర్పితే చాలు, ఊడిన పైపు కోసం ఒక కుటుంబం అర్ధరాత్రి వంద కిలోమీటర్ల బస్సు ఎక్కక్కర్లేదు. పైపులు, సిరంజిలు, ఫిట్స్ మందులు నెలకోసారి అక్కడే ఇవ్వాలి. ఆరోగ్యశ్రీ, వైద్యసేవ ప్యాకేజీల్లో ‘ఇంటి సంరక్షణ’ అని ఒక పద్దు చేర్చాలి. ఆక్సిజన్ యంత్రం ఉన్న ఇళ్ల జాబితా విద్యుత్ సబ్‌స్టేషన్‌లో ఉండాలి, లైను ఆపే ముందు ఆ ఇంటికి ఫోన్ వెళ్లాలి. డిశ్చార్జ్‌కు కనీసం రెండు మూడు రోజుల ముందు నుంచి తల్లితో పాటు తండ్రితోనూ ఆ పనులన్నీ సిస్టర్ కళ్లెదుటే చేయించాలి. తండ్రి అని ఊరికే అనడం లేదు. రాత్రి రెండింటి అలారం ఒక్కరికే ఎందుకు మోగాలి?

డిశ్చార్జ్ కాగితం చివర సాధారణంగా ‘రెండు వారాల తర్వాత రావాలి’ అని ఉంటుంది. దాని కింద ఇంకో వరస రాయించాలని రెండు రాష్ట్రాల ఆరోగ్య మంత్రులనూ కోరుతున్నాం. ఆ ఊరి నర్సు పేరు, ఆమె ఫోన్ నంబరు.