గుత్త పని చెడిపోతే ఇచ్చిన డబ్బు రాబట్టడం ఎలా?

అనంతపురంలో మిద్దె మీద వాటర్‌ప్రూఫింగ్ పని ఎక్కువగా ఎండాకాలంలోనే చేయిస్తారు. అది నిలిచిందో లేదో తెలియాలంటే గట్టి వాన పడాలి. ఆ వాన కోసం ఒక్కోసారి సెప్టెంబరు దాకా చూడాలి. ఈలోపు బేల్దారి మేస్త్రికి లెక్కంతా తీర్చేసి ఉంటాము. ఏప్రిల్‌లో 42 వేలకు గుత్త మాట్లాడుకుని నేను చేయించిన పని ఇలాగే బయటపడింది. మొదట ఫ్యాన్ కొక్కెం చుట్టూ అరచేయంత చెమ్మ కనిపించింది, వారం తిరక్కుండా సున్నం పెచ్చులు మంచం మీద రాలాయి. మేస్త్రి పది రోజులు "రేపొస్తా సార్" అన్నాడు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఇలాంటప్పుడు చాలామందికి ముందుగా తోచేది తెలిసిన ఎస్సైతో ఒక మాట చెప్పించడం. ఈ దారి మంచిది కాదన్నది నా అభిప్రాయం. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం కేసు నిలబడాలంటే డబ్బు తీసుకునే నాటికే మోసం చేసే ఉద్దేశం ఉండాలి. పనికి వచ్చి, నాలుగు రోజులు చేసి, సరిగా చేయలేకపోయినవాడి విషయంలో అది రుజువు కావడం కష్టం. స్టేషన్లో భయపెట్టి ఇప్పించే డబ్బుకు చట్టం అండ ఏమీ ఉండదు.

చట్టం అండ ఉన్న చోటు జిల్లా వినియోగదారుల కమిషన్. కమిషన్ అంటే చెడిపోయిన ఫ్రిజ్‌లూ టీవీల గొడవలు చూసేదని అనుకునేవారే ఎక్కువ గానీ, డబ్బు తీసుకుని చేసే సేవలో లోపం కూడా దాని పరిధిలోదే. 2020 జులై 20 నుంచి అమల్లో ఉన్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు, లాయరు తప్పనిసరి కాదు, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు మాత్రం వివాదానికి కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లు.

ఇక్కడొక మెలిక ఉంది. పనిని గుత్తకిస్తే అది సేవ. సిమెంటు, ఇసుక మనమే కొనిపెట్టి, పక్కన నిలబడి చెబుతూ రోజుకూలికి చేయించుకుంటే అది యజమాని, పనివాడి సంబంధమనీ, తమ పరిధిలోకి రాదనీ కమిషన్ అనే అవకాశం ఉంది. చెడిపోయిన పని ఒకటే అయినా, కూలి ఏ లెక్కన మాట్లాడుకున్నామన్న దాన్నిబట్టి మన హక్కు మారిపోతుంది.

ఇక ఎంత అడగాలన్నది. ఇచ్చిందంతా కక్కించాలని కోపంలో ఎవరికైనా అనిపిస్తుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి అచ్చంగా మన బాధే: ఇల్లు బాగుచేస్తానని ముందే డబ్బు తీసుకున్నవాడు ఒప్పుకున్న ప్రకారం చేయకపోతే, ఆ పనిని ఒప్పందం ప్రకారం సరిచేయించడానికి అయ్యే ఖర్చును అతని నుంచి రాబట్టుకోవచ్చు. అంటే అడగవలసింది రెండో మేస్త్రికి అయ్యే ఖర్చు. దానికి రుజువు కావాలి. సరిచేయమని గడువు పెట్టి స్పీడ్ పోస్టులో నోటీసు పంపాలి, పాత పొరను ముట్టుకోకముందే ఫోటోలు తీయించాలి, వీలైతే ఒక సివిల్ ఇంజనీరు చేత రాయించుకోవాలి. నేను చేసిన తప్పు ఇక్కడే. వాన మళ్లీ వస్తుందన్న తొందరలో రెండో మేస్త్రిని పిలిచాను. అతను ఒక్క పూటలో పాత పొరంతా చెక్కించి ట్రాక్టర్‌కెత్తించాడు, నా సాక్ష్యం ఆ ట్రాక్టర్‌లోనే వెళ్లిపోయింది. నా చేతిలో మిగిలినవి గదిలోంచి తీసిన మూడు ఫోటోలు, 18 వేల కొత్త బిల్లు, మొదటి మేస్త్రి తన చేత్తో లెక్కలు రాసిచ్చిన అరఠావు కాగితం.

కమిషన్ ఉత్తర్వును ధిక్కరిస్తే నెల నుంచి మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. అయితే పనుల కోసం బెంగళూరుకు తిరిగే మేస్త్రి చిరునామా పట్టుకుని ఉత్తర్వును అమలు చేయించడం ఎంత పనో ఊహించుకోవచ్చు. అందుకే ఇంత చిన్న మొత్తాలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌కు వెళ్లడమే మేలని నాకనిపిస్తుంది. అక్కడ కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు.

మా మేస్త్రి అక్కడికి వచ్చాడు. వస్తూ తన దగ్గరున్న లెక్కల కాగితం కూడా తెచ్చాడు. పిట్టగోడకు అదనంగా వేసిన పూత తాలూకు 5 వేలు నేను ఇవ్వనే లేదని అందులో ఉంది, అది నిజమే. 18 వేలలో అది పోగా 13 వేలకు, రెండు వాయిదాలకు ఒప్పుకున్నాము. రెండోది ఉగాది ముందు రోజు ఇచ్చి వెళ్లాడు.