ఉప్పునీటికి ఒక శాలువా

సన్మానాల సీజన్ నడుస్తోంది. ఎవరెవరికో శాలువాలు కప్పుతున్నారు. సభాముఖంగా నాదొక మనవి: ఈసారి ఒక శాలువా సెలైన్ సీసాకి కప్పాలి. వైద్యరంగానికి అది చేసిన సేవ ఎవరికీ పట్టడం లేదు.

నాకైనా మోకాలు మెలిపడ్డాకే తెలిసింది. ఎమ్మారై తీసి, లోపల నెలవంకలా ఉండే మెత్త చిరిగిందని, దానికి తోడు గుజ్జు కూడా అరిగిందని తేల్చారు. డాక్టరుగారు కాగితం మీద మోకాలి బొమ్మ గీసి, "మీ రక్తమే తీసి, మిషన్లో తిప్పి, ప్లేట్‌లెట్లు మళ్లీ మీ మోకాల్లోకే ఎక్కిస్తాం సార్. వాటిలో గ్రోత్ ఫ్యాక్టర్లుంటాయి, అవే రిపేరు చేస్తాయి" అన్నారు. మూడు ఇంజెక్షన్ల ప్యాకేజీ. రక్తం నాది, మోకాలు నాది, డబ్బూ నాదే. మిషన్ ఒక్కటే వాళ్లది.

గ్రోత్ ఫ్యాక్టర్లను చులకన చేయడం నా ఉద్దేశం కాదు. "పెరగండి, పని మొదలెట్టండి" అని కణాలకు కబురందించే ప్రొటీన్లవి. వాటిని కనిపెట్టినందుకు రీటా లెవి మోంటాల్చినీకి, స్టాన్లీ కోహెన్‌కి 1986లో నోబెల్ ఇచ్చారు. చిక్కంతా కబురు అందుకోవాల్సినవాళ్లతోనే. గుజ్జులో రక్తనాళాల్లేవు, నరాల్లేవు, కణాలు కూడా అక్కడొకటి ఇక్కడొకటి. ఆ నెలవంకకైనా బయటి అంచు దాకానే రక్తం వస్తుంది, బస్సు మెయిన్ రోడ్డు మీద ఆగి ఊళ్లోకి రాకుండా పోయినట్టు. లోపలివైపు చిరిగితే అతుక్కోవడం కష్టం. గుజ్జు ఒకసారి పాడైతే మళ్లీ బాగుపడదని విలియం హంటర్ 1743లోనే లండన్లో రాసిపెట్టాడు. అప్పటికి ప్యాకేజీలు లేవు కాబట్టి ఆయనకు ఇబ్బంది కలగలేదు.

ఇక సెలైన్ ఘనకార్యాలు వినండి.

ఆస్ట్రేలియాలో గుజ్జు అరిగిన 288 మందిని తీసుకుని, సగం మందికి ప్లేట్‌లెట్ల ఇంజెక్షన్లు, సగం మందికి పోల్చి చూడటానికి మందేమీ లేని ఉప్పునీళ్లు, వారానికొకటి చొప్పున మూడేసి ఇచ్చారు. ఎవరికి ఏది పడిందో వాళ్లకు చెప్పలేదు. ఫలితాలు 2021లో వచ్చాయి. ఏడాది తర్వాత పదికి లెక్కేస్తే నొప్పి ప్లేట్‌లెట్ల వాళ్లకు 2.1 తగ్గింది, ఉప్పునీళ్ల వాళ్లకు 1.8. గుజ్జేమో ప్లేట్‌లెట్ల వాళ్లకు 1.4 శాతం, ఉప్పునీళ్ల వాళ్లకు 1.2 శాతం అరిగింది. ఇవి తేడాలే కావని గణాంకాల వాళ్లు తీర్పిచ్చారు. నీరసమొస్తే చాలు "ఒక సెలైన్ ఎక్కించండయ్యా" అని ఆర్‌ఎంపీ డాక్టర్ని బతిమాలే మా నాయనమ్మను చూసి చదువుకున్న మేమంతా నవ్వేవాళ్లం. ఆమె మనకంటే ముందుంది.

ప్రయోగశాలలో తయారైన స్ప్రిఫెర్మిన్ అనే గ్రోత్ ఫ్యాక్టరును కూడా 549 మంది మీద పరీక్షించారు. అక్కడా పోటీకి నిలబడింది సెలైనే. ఎక్కువ డోసు పడ్డవాళ్లకు రెండేళ్లకు గుజ్జు నిజంగానే మెరుగ్గా కనిపించింది, సెలైన్ వాళ్ల కన్నా 0.05 మిల్లీమీటర్లు మందంగా. అంటే ఒక సన్నపాటి వెంట్రుకంత. నొప్పి విషయంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. స్కానింగు సంతోషించింది, మోకాలికి ఆ సంగతి తెలియలేదు.

దక్షిణ కొరియాలో ఇంకో మెట్టు ఎక్కారు. గ్రోత్ ఫ్యాక్టరును తయారుచేసే గుజ్జు కణాలనే మోకాల్లో పోస్తామంటూ 2017లో ఇన్‌వోసా అనే ఇంజెక్షన్‌కు అనుమతి తెచ్చుకున్నారు. తీరా 2019లో చూస్తే అవి గుజ్జు కణాలు కావు, కిడ్నీ కణాల సంతతి. అనుమతి రద్దయింది. మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టడం మనకు కొత్త కాదు గానీ, మోకాలికీ మూత్రపిండానికీ ముడిపెట్టిన ఖ్యాతి వాళ్లదే. సెలైన్ మీద ఇలాంటి మచ్చ ఎప్పుడైనా విన్నారా? సీసా మీద ఉప్పునీళ్లని ఉంటే, లోపల ఉన్నవి ఉప్పునీళ్లే.

ఇదంతా చదువుకుని మళ్లీ వెళ్లి, "నాకు ఆ రెండో మందు వేయండి డాక్టరుగారూ" అన్నాను.

"ఏ రెండో మందు సార్?"

"ఉప్పునీళ్లు."

ఆయన కాసేపు పెన్ను మూత తీశారు, పెట్టారు. "దానికి ప్యాకేజీ లేదండీ" అన్నారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, కుర్చీలో కూర్చుని కాలు చాపి పది లెక్కపెట్టే వ్యాయామం చూపించారు. దానికి బిల్లు వేయలేదు, పాపం.

సంతోషం పట్టలేక సెలైన్ సన్మానసభకు మీరే అధ్యక్షత వహించాలన్నాను. డేటు చూసుకుంటానన్నారు. నేను తలుపు దాకా వచ్చాక వెనక నుంచి అడిగారు: "వేదిక మీదికి మెట్లుంటాయా సార్? నాకూ మోకాళ్లే."