మిర్చి డ్యూటీ దిగి పిల్లుల డ్యూటీ ఎక్కిన గోనెసంచి గారికి

గోనెసంచి గారికి నమస్కారాలు.

ఎనుమాముల మార్కెట్‌లో ఏళ్లకేళ్లు మిర్చి మోసి, విశ్రాంతి తీసుకోవాల్సిన వయసులో వరంగల్, హనుమకొండ, కాజీపేట పిల్లుల్ని కూడా మోస్తున్నారు. మీ ఆఫీసులో ఫారం లేదు, లైను లేదు, ఆదివారం సెలవు లేదు. పిల్లిని లోపలేసి, మూతికి సుతిలి బిగించి, స్కూటీ మీద కాళ్ల దగ్గర పెట్టుకుంటే చాలు. చేపల మార్కెట్ వెనకనో, భద్రకాళి చెరువు కట్ట మీదనో విప్పేస్తారు. తిరిగొస్తుందని భయముంటే ఆకేరు వాగు దాటిస్తారు. పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానమియ్యాలంటారు కదా, మీ పుణ్యాన ఆ ఖర్చు మిగిలింది. వదిలిపెట్టినం గానీ చంపలేదు!

"చేపల మార్కెట్ల తిండికేం తక్కువ, బతుకుతది" అనేది మీ సంస్థ నినాదం. అక్కడ ముందునుంచీ ఉన్న గండుపిల్లులు కొత్తదాన్ని గడప తొక్కనియ్యవు. అది ఏ మోరీ కిందనో దూరుతుంది. మీ అడుగున మిగిలిన మిర్చి ఘాటుకు కళ్లు మండుతాయి, ముక్కు కారుతుంది. వాసన తెలియనిదే పిల్లి తిండి ముట్టదు. బొద్దుగా పెరిగిన ఇంటి పిల్లి రెండు మూడు రోజులు పస్తుంటే ఒంట్లో కొవ్వు వచ్చి లివర్‌లో పేరుకుంటుంది. ఆ తర్వాత పాలల్ల బువ్వ కలిపి ముందు పెట్టినా తినలేదు. ఇక కళ్లు తెరవని కూనలనైతే మీరు తల్లి లేకుండానే తీసుకుపోతారు. తల్లి నాకితే గానీ అవి ఉచ్చ కూడా పోయలేవు. ఆ సేవ మీ దగ్గర ఉన్నట్టు లేదు.

చట్టం గురించి మీరు బెంగపడకండి. జంతుహింస నివారణ చట్టం 1960లో వచ్చింది. ఆకలిదప్పులతో అల్లాడేలా జంతువును వదిలేయడం 11వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి దొరికితే జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. ఆ డబ్బులకు మీలాంటి సంచి ఇంకోటి వస్తుందో రాదో.

మీకు పోటీగా దిక్కులేని పిల్లుల్ని చేరదీసే షెల్టర్లని కొన్ని ఉన్నాయి. వాళ్ల చాదస్తం ఇంతా అంతా కాదు. ముందు ఫోన్ చేయమంటారు, ఖాళీ ఉందో లేదో చూస్తామంటారు, రాత్రిపూట గేటు ముందు అట్టపెట్టె పెట్టి పోవద్దంటారు. వచ్చిన పిల్లిని రెండు వారాలు విడి గదిలో ఉంచుతారు. పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బు ఒక్క కూనతో లోపలికొస్తే టీకా పడని కూనలు చాలావరకు రోజుల్లో పోతాయి. ఆ వైరస్ గదిలో ఏడాది దాకా బతికే ఉంటుంది. మనం గుమ్మరించే ఫినాయిల్‌ను నమ్ముకుంటే లాభం లేదు, పైగా ఫినాయిలే పిల్లికి విషం. బ్లీచింగ్ కలిపిన నీళ్లతో కడగాలి. ఇంత పని ఎవరు పెట్టుకుంటారు, మీరుండగా?

అన్నిటికంటే కష్టం వాళ్ల ఫారంలో ఒక్క ప్రశ్న: ఎందుకు వదిలేస్తున్నారు? పరుపు మీద పోస్తుందని రాస్తే మూత్రంలో మంట ఉందేమో డాక్టరుకు చూపించారా అంటారు, అది దొడ్డికి పోయే ట్రేలో ఇసుక రోజూ తీస్తున్నారా అంటారు. మగపిల్లి గోడలకు చిమ్ముతుందంటే అయిదారు నెలల వయసులోనే ఆపరేషన్ చేయిస్తే చాలావరకు ఆ అలవాటే రాదంటారు. మామునూరులో పశువైద్య కళాశాలే ఉన్న ఊరు మనది, అయినా మీ గిరాకీ తగ్గలేదంటే మీ గొప్పతనమే. కోడలు నెల తప్పిందని రాశారా, ఇంకో పాఠం మొదలు: కడుపులో బిడ్డకు హాని చేసే టాక్సోప్లాస్మా క్రిమి పిల్లి మలంలో పడ్డాక అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది, కాబట్టి రోజూ ట్రే ఎత్తేయాలి, ఆ పని కోడలు చేయకూడదు. అంటే కొడుకు చేయాలి. కొడుక్కి చెప్పడం కంటే మీకు చెప్పడమే నయమని పెద్దవాళ్లకు తెలుసు.

ఇన్ని దాటినా టీకా కార్డు తెమ్మంటారు. వారం రోజుల మేత తెమ్మంటారు, ఒక్కసారే మేత మారిస్తే విరేచనాలు పడతాయట. పడుకునే పాత బట్ట ఉతక్కుండా ఇమ్మంటారు, సొంత వాసనుంటే కొత్త చోట తొందరగా కుదురుకుంటుందని. గాలాడే క్యారియర్‌లో పెట్టి, పైన పల్చటి గుడ్డ కప్పి, ఎండెక్కకముందే రమ్మంటారు. పిల్లికి చెమట పోసేది పాదాల అడుగునే, మే నెలలో మీ కడుపులో అది నోరు తెరిచి ఒగరుస్తుందని వాళ్ల వాదన. చివరికి సంతకం పెట్టించుకుంటారు. ఆ తర్వాత పిల్లి మీద హక్కు పోతుంది, మనసు మారినా వాళ్లు ఇవ్వక్కర్లేదు. ఇంట్లోనే ఉంచుకుని వేరే ఇల్లు వెతుకుతామన్నా ఊరుకోరు. కూనలకు 8 వారాలు నిండాలి, తీసుకునేవాళ్ల బాల్కనీకి జాలీ ఉందా చూడాలి, పిల్లి వద్దనే ఇంటి ఓనరు ఉన్నాడా కనుక్కోవాలి అంటారు.

మీ ఉద్యోగం పోవాలని మా కోరిక కాదు. మీకు వేరే పోస్టు ఖాళీగా ఉంది. సోఫా గీకుతుందనే వంకతో మీ దగ్గరికి వచ్చే పిల్లులు బోలెడు. మూడడుగుల కర్రకు మిమ్మల్ని బిగుతుగా చుట్టి, ఊగని పీట మీద నిలబెట్టి సోఫా పక్కనే పెడితే పిల్లి ఒళ్లు విరుచుకుని మిమ్మల్నే గీకుతుంది. పీట ఊగిందంటే ఇక ముఖం చూడదు. మేకులు బయటికి పొడుచుకు రావద్దు. మిర్చి మోసినవాళ్లు ఈ పోస్టుకు పనికిరారు, బియ్యం మోసిన మీ చుట్టాలెవరైనా ఉంటే పంపండి.

ఇట్లు,
పిల్లులకు ఇళ్లు వెతికేవాళ్లం
హనుమకొండ