పదిహేను కిలోల ప్రతిష్ఠ

కావేరీ నీళ్లు, సిల్క్ బోర్డు జంక్షను, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పెయింటింగు పేరు చెప్పి ఓనరు కోసుకునే అడ్వాన్సు. బెంగళూరు తెలుగువాళ్ల కష్టాల మీద రాసేవాళ్లంతా ఈ మూడింటి దగ్గరే చతికిలబడుతున్నారు. అసలు సమస్య జోలికి వెళ్లే ధైర్యం ఎవరికీ లేదు. మంచు మీద జారడానికి కశ్మీర్‌లోని గుల్మార్గ్ వెళ్లే మనిషి స్కీలను, అంటే కాళ్లకు తగిలించుకునే పొడుగాటి బద్దలను, ఇక్కణ్నుంచే విమానంలో మోసుకుపోవాలా, అక్కడ దిగాక అద్దెకు తీసుకోవాలా? మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా ఎన్నో కాపురాలు ఈ ప్రశ్న దగ్గర ఇరుక్కుని ఉంటే, పత్రికలు ఇంకా రోడ్ల గుంతల గురించే రాస్తూ కూర్చోవడం బాధ్యతారాహిత్యం.

విషయం తెలియనివాళ్ల కోసం ముందు భూగోళం. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తున ఉంది. ఈ ఊళ్లో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. అంటే విక్టోరియా రాణి కాలం నుంచి నేటిదాకా ఇక్కడ స్కీలు తొడుక్కోవలసిన అవసరం ఎవరికీ రాలేదు. అయినా డిసెంబరు వచ్చేసరికి పదిహేను డిగ్రీలకే మంకీ క్యాపులు బయటపడతాయి, ఫ్లాటు బాల్కనీలో చెప్పుల స్టాండు పక్కన ఒక జత స్కీలు నిలబడతాయి. ఈ రెండింటికీ పొంతన ఏమిటని అడగడం మర్యాద కాదు.

ఇక బరువులు. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగులతో సహా ఒక జత స్కీలు అయిదారు కిలోలు తూగుతాయి. బూట్లు నాలుగు కిలోల దాకా. కర్రలు, హెల్మెట్టు, అన్నిటినీ పట్టే పొడుగాటి సంచి కలిపి ఇంకో మూడు. దేశంలో తిరిగే విమానాల్లో మామూలు టికెట్టుకు ఇచ్చే లగేజీ 15 కిలోలు. మిగిలేది రెండు కిలోలు. ఆ రెండింటిలో ఉన్ని బట్టలు, కందిపొడి, ఆవకాయ సీసా, చిన్న రైస్ కుక్కరు పట్టాలి. ఆవకాయను చేతిసంచిలో వేసుకుందామంటే నూనె ఉందని సెక్యూరిటీవాళ్లు ఆపేస్తారు.

ప్రయాణం ముందు రాత్రి హాల్లో జరిగే తూకం చూసి తీరాలి. ఇంటాయన స్కీ సంచిని కావలించుకుని బాత్రూం తూకం మీద ఎక్కుతాడు. సంచి అడ్డొచ్చి అంకె కనిపించదు. ఇల్లాలు నేల మీద బోర్లా పడుకుని ఫోను లైటు వేసి చదువుతుంది. తరవాత ఆయన సంచి దింపి ఒక్కడే ఎక్కుతాడు. ఈ అంకెను మాత్రం తనే చదువుకుంటాడు. తీసివేత చేస్తే రెండు కిలోలు ఎక్కువ. "ఆవకాయ తీసేస్తే సరిపోతుంది" అంటాడు. ఇల్లంతా ఒక్క క్షణం ఎవరూ మాట్లాడరు. అప్పటిదాకా సోఫాలో పేపరు చదువుతున్న మామగారు, తెనాలి నుంచి చుట్టపుచూపుగా వచ్చిన పెద్దమనిషి, కళ్లజోడు తీస్తారు.

"ఈ బద్దలు అక్కడ దొరకవా అల్లుడుగారూ?"

"దొరుకుతాయండీ మావయ్యగారూ. అద్దెకిస్తారు."

"మరి ఆవకాయ అద్దెకిస్తారా?"

ఈ వాదానికి ఇప్పటిదాకా ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. మేనేజ్‌మెంటు చదువులు చదివినవాళ్లు కూడా.

అయినా మనం అంకెల్లోకి వెళ్దాం, ఎందుకంటే మన జాతికి అంకెల మీద నమ్మకం ఎక్కువ. స్కీలు, బైండింగులు కలిపి అరవై వేలకు కొన్నాడనుకుందాం. పదేళ్లు వస్తాయనుకుందాం. ఏడాదికి ఆరు వేలు. మిగతా సామాను కూడా కలిపి పైబడిన బరువు పది కిలోలు, కిలోకు అయిదు వందలు అనుకుంటే పోవడానికి అయిదు వేలు, రావడానికి అయిదు వేలు. ఈ రెండో అయిదు వేలను లెక్కలో మరిచిపోవడం ఆనవాయితీ. తిరిగొచ్చేటప్పుడు ఆవకాయ అయిపోయి ఉంటుంది కదా అని ధైర్యం చెప్పుకుంటారు. దాని జాగాలో వాల్‌నట్లు, కుంకుమపువ్వు, బాదంపప్పు, ఒక కంబళి ఎక్కి కూర్చుంటాయి. ఇక ఎయిర్‌పోర్టు క్యాబు. 170 సెంటీమీటర్ల స్కీ మామూలు డిక్కీలో పట్టదు. వెనక సీటు నుంచి గేరు రాడ్డు దాకా అడ్డంగా పెట్టి, సాదహళ్లి టోలుగేటు దాటేవరకు భార్యాభర్తలు ఆ కొస ఒకరు, ఈ కొస ఒకరు పట్టుకోవాలి. అలా కుదరదంటే పెద్ద బండి. రానూపోనూ ఇంకో పదిహేను వందలు. మొత్తం ఏడాదికి పదిహేడున్నర వేలు.

అద్దె రోజుకు పన్నెండు వందలు అనుకుంటే, ఈ సొమ్ముతో పద్నాలుగున్నర రోజులు అద్దె స్కీల మీద జారవచ్చు. అంటే ఏటా పదిహేను రోజులు మంచు మీద ఉండేవాడికే సొంత స్కీలు గిట్టుబాటు. బెంగళూరు ఉద్యోగి వెళ్లేది అయిదు రోజులకు. అందులో ఒకరోజు తలనొప్పికి, ఒకరోజు శ్రీనగర్‌లో షికారా ఫొటోలకు, ఒకరోజు మేనేజరు పెట్టిన అత్యవసర కాల్‌కు పోతాయి.

లెక్క ఇంత తేటతెల్లంగా ఉంటే ఎవడైనా ఊరుకుంటాడు. మనవాడు ఊరుకోడు, ఎక్సెల్ తెరుస్తాడు. అద్దె ఏటా పది శాతం పెరుగుతుందని ఒక గడిలో రాస్తాడు. స్కీలు పదేళ్లు కాదు, పాతికేళ్లు వస్తాయని ఇంకో గడిలో దిద్దుతాడు. ఆ తరవాత పిల్లాడు వాడుకుంటాడట. పిల్లాడు ఎల్కేజీలో ఉన్నాడు. బైండింగు పాతబడి తయారీదారు దానికి పూచీ మానేశాక విదేశాల్లో చాలా దుకాణాలు దాని స్క్రూ కూడా ముట్టుకోవని చెబితే, ఆ అంశం ఎక్సెల్‌లో పెట్టడానికి గడి లేదంటాడు. సంక్రాంతికి ఊరెళ్లే ప్రైవేటు బస్సు టికెట్టు మీద మూడొందలు పెంచితే రవాణా మంత్రికి ట్వీటు పెట్టే మనిషే ఇతను.

పైగా మంచు మన సెలవులకు కట్టుబడి పడదు. కశ్మీర్‌లో చలి గట్టిగా ఉండే నలభై రోజుల్ని చిల్లై కలాన్ అంటారు, డిసెంబరు 21న మొదలవుతుంది. ఆ నలభై రోజుల్లోనే 2024 జనవరిలో గుల్మార్గ్ వాలులు మంచు లేక మట్టిరంగులో కనిపించాయి. 2025 ఫిబ్రవరిలో ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్ని అక్కడే మంచు చాలక వాయిదా వేసి మార్చిలో జరిపారు. దేశం నలుమూలల నుంచి వచ్చే ఆటగాళ్లకే తిప్పలు తప్పలేదు, మనవాడెంత? అద్దెకు తీసుకునేవాడు మంచు లేకపోతే కశ్మీరీ టీ కహ్వా తాగి వచ్చేస్తాడు, అతనికి పోయేదేమీ లేదు. సొంత స్కీలవాడు మాత్రం వాటిని రెండువేల కిలోమీటర్ల పైన ఊరేగించి, మంచు చూపించకుండా వెనక్కి తెచ్చుకోవాలి. గుళ్లో ఉత్సవ విగ్రహాలను కూడా ఇంత దూరం తిప్పరు.

ఐరోపా వెళ్లేవాళ్ల బాధ ఇంకో రకం. కొన్ని విమాన సంస్థలు స్కీల సంచిని మామూలు లగేజీలోనే కలుపుకుంటాయి, కొన్ని ముందే చెప్పి విడిగా కట్టమంటాయి. అసలు చిక్కు ఎక్కడంటే, చవగ్గా వస్తుందని రెండు వేర్వేరు టికెట్లు కొన్నవాడు ఒకే సంచికి రెండు సంస్థలకీ కప్పం కట్టాలి, మధ్యలో తనే దింపుకుని తనే మళ్లీ ఎక్కించుకోవాలి. దీని మీద ఇంకా రాస్తే నాకే ఆయాసం వస్తుంది.

అద్దె దుకాణాన్ని కూడా గుడ్డిగా పొగడలేను. అక్కడి బూట్లు పొద్దున్నే తొడుక్కుంటే లోపల తడి తగులుతుంది. అది నిన్న లూధియానా నుంచి వచ్చిన పెళ్లిబృందంలో ఒకరి చెమట. ఆ చలిలో ఆ తడి వెచ్చబడేసరికి మధ్యాహ్నం అవుతుంది. కాలి పొడవు సెంటీమీటర్లలో కొలిచి బూటు ఇవ్వడం పద్ధతి. రద్దీ రోజున మాత్రం చేతికందిందే మన సైజు. స్కీల అంచులు మొద్దుబారి, గట్టిపడిన మంచు మీద పక్కకు జారిపోతుంటాయి. ఇవన్నీ నిజాలే.

దుకాణంవాడు మన బరువు అడుగుతాడు. పడ్డప్పుడు బూటు స్కీ నుంచి ఎంత బలానికి ఊడిరావాలో బైండింగు మీద బిగిస్తారు. బరువు, ఎత్తు, వయసు, బూటు పొడవు, ఆటలో నేర్పు, అన్నీ చూసి పెట్టే అంకె అది. ఎక్కువ బిగిస్తే పడ్డప్పుడు ఊడక మోకాలు మెలికపడుతుంది. తక్కువ బిగిస్తే పడకముందే స్కీ ఊడి తన దారిన తాను పోతుంది. ఎయిర్‌పోర్టు కౌంటర్లో సంచి బరువు తగ్గించి చెప్పిన నోటితోనే మనవాడు ఇక్కడ తన బరువు ఎనభై అయిదుకు బదులు డెబ్బై రెండని చెబుతాడు. పక్కన భార్య ఉంటుంది మరి. పావుగంటకల్లా మనిషి ఒకచోట, స్కీ ఒకచోట. దిగొచ్చి దుకాణం సామాను బాగోలేదని, అందుకే సొంతవి ఉండాలని తీర్మానిస్తాడు.

ఈ ఆట బాగా తెలిసినవాళ్లు చాలామంది పాటించే మధ్యేమార్గం ఒకటుంది. బూట్లు సొంతం, స్కీలు అద్దె. కాలికి సరిగ్గా పట్టే బూటు దొరకడం కష్టం కాబట్టి దాన్ని వెంట తెచ్చుకుంటారు. నాలుగు కిలోలే కాబట్టి ఏడు కిలోల చేతిసంచిలో పడుతుంది. స్కీలు ఆ రోజు మంచును బట్టి మార్చుకోవచ్చు. లోతైన మెత్తటి మంచుకు వెడల్పువి, చదును చేసిన వాలుకు సన్నవి. ఖర్చు తక్కువ, సుఖం ఎక్కువ. ఇంత తెలివైన పరిష్కారాన్ని బెంగళూరు తెలుగు సమాజం ఎందుకు తోసిపుచ్చిందో తెలుసుకోవాలంటే రెండో టెర్మినల్‌లో కాసేపు నిలబడితే చాలు.

వెదురు పందిళ్లు, వేలాడే మొక్కలు ఉన్న ఆ టెర్మినల్‌లో మనిషికన్నా పొడుగున్న సంచి లాక్కుంటూ వెళ్తున్నవాడిని ఎవరో ఒకరు అడుగుతారు, "ఏంటండీ అది, గిటారా?" అని. ఆ ప్రశ్న కోసమే కదా అరవై వేలు పెట్టింది. అతను నాలుగడుగులు ఆగి, వినపడనట్టు నటించి, రెండోసారి అడిగించుకుని అప్పుడు చెబుతాడు, "స్కీస్ అండి." చేతిసంచిలో బూట్లు పెట్టుకున్నవాడిని ఎవడు అడుగుతాడు? ఎక్స్‌రే దగ్గర సెక్యూరిటీ అమ్మాయి తప్ప.

అందుకే నా వాదన ఏమిటంటే, మన లెక్కల్లో దర్జా అనే పద్దు లేదు. అద్దెవాళ్లు గెలుస్తున్నది ఈ ఒక్క లోపం వల్లే. విమానాశ్రయంలో ఒక ప్రశ్నకు అయిదు వందలు, అపార్ట్‌మెంటు లిఫ్టులో పై ఫ్లోరువాళ్ల చూపుకు రెండు వందలు, ఆఫీసులో "వీకెండు ఏం చేశారు" అన్నదానికి ఇచ్చే జవాబుకు వెయ్యి చొప్పున కట్టి చూడండి. స్కీలు రెండో ఏటికే లాభాల్లోకి వస్తాయి. మంచుతో పని కూడా లేదు.

గుల్మార్గ్ గొండోలా, అంటే తీగ మీద నడిచే కేబుల్ కారు, రెండు అంచెల్లో కొంగ్‌డూరికి, అక్కణ్నుంచి అఫర్వత్ శిఖరం దగ్గర సుమారు నాలుగు వేల మీటర్ల ఎత్తుకు తీసుకుపోతుంది. లోతైన మంచు కోసం ప్రత్యేకంగా చేసిన వెడల్పాటి స్కీలు పనికొచ్చేది ఆ పైన. మనవాడు వాటిని తొడుక్కుని కింద పిల్లల వాలు మీద, శిక్షకుడి కర్ర పట్టుకుని నిలబడి ఉంటాడు. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కు మన దేశం నుంచి వెళ్లింది ఒకే ఒక్కడు, ఈ కొండల్లో ఆట నేర్చుకున్న ఆరిఫ్ ఖాన్. జెండాల మధ్య మెలికలు తిరుగుతూ దిగే జెయింట్ స్లాలమ్ పందెంలో 45వ స్థానంలో నిలిచాడు. ఆయన తండ్రి గుల్మార్గ్‌లో నడిపింది స్కీ సామాన్ల దుకాణం. ఈ విషయం ఎక్సెల్ మిత్రుడికి చెబితే, "చూశారా, ఇంట్లో స్కీలుంటే ఎంతవరకు వెళ్లొచ్చో" అన్నాడు.

తిరిగొచ్చాక స్కీల పోషణ ఉంది. అంచులు ఉక్కువి, బెంగళూరు వానాకాలానికి తుప్పు పడతాయి. అడుగుకు మైనం కరిగించి ఇస్త్రీపెట్టెతో రుద్ది నిల్వచేయాలి. అపార్ట్‌మెంటు గేటు దగ్గర బొగ్గుల ఇస్త్రీ బండి అతను ఒకసారి ఒప్పుకున్నాడు. మరుసటి వారం మొత్తం బ్లాకు చొక్కాలకు మైనం అంటిందని గొడవ. సైకిలు మీద కత్తులు సాన పట్టేవాడిని పిలిస్తే అంచును చూసి, దీంతో ఏ కూర తరుగుతారని అడిగాడు. కర్రలు మాత్రం వృథా పోలేదు. ఒకటి బూజు దులపడానికి, రెండోది పావురాలను తోలడానికి.

ఇవన్నీ ఇలా ఉంటే కొత్త తరం ఇంకా ముందుకు పోయింది. వెనకటికి అలకపాన్పు ఎక్కిన అల్లుడు వాచీ అడిగేవాడు, ఆపైన స్కూటరు. కిందటి సంక్రాంతికి భీమవరంలో ఒక కొత్త అల్లుడు 178 సెంటీమీటర్ల స్కీలు అడిగాడని విన్నాను. అత్తగారు వాటిని చూశాక, వడియాలు ఆరబెట్టడానికి వెడల్పు చాలదన్నారట.

చివరికి ఏ స్కీలైనా చేరేది అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపుకే. "ఒక్క సీజను వాడినవి, కండిషన్ సూపర్, అర్జెంటుగా అమ్మకానికి." రెండు రోజులు ఎవరూ పలకరు. మూడో రోజు సి బ్లాకు నుంచి ఒక ఆంటీ జవాబు పెడతారు: "సంచి ఒక్కటీ ఇస్తారా బాబూ? పండక్కి ఊరి నుంచి చెరకు గడలు తెచ్చుకోవాలి. స్కీలు మీరే ఉంచుకోండి."